'తాతీ దానియెల్' : నల్లని హాస్యమున ఒక వృద్ధబంధువు

ఫ్రెంచి భాషలోని 'తాతీ' అను మాటను విన్న తెలుగువారికి అది 'తాత' శబ్దమునకు స్త్రీలింగరూపమేమో యని తోచుట సహజము. ఈ పోలిక కేవలము యాదృచ్ఛికము. 'తాంత్' అనగా తల్లికిగాని తండ్రికిగాని తోబుట్టువైన స్త్రీ. తల్లిదండ్రుల సోదరుల భార్యలును ఆ పేరనే పిలువబడుదురు. పెద్దమ్మ, పిన్ని, మేనత్త, మేనమామ భార్య - తెలుగున వేరువేరు పేర్లు గల ఈ బంధువుల నందరిని ఫ్రెంచి ఒక్క మాటతో సరిపెట్టును. ఆ మాట పిల్లల నోట ముద్దుగా మారి 'తాతీ' యైనది. అవ్వకు 'మామీ', తాతకు 'పాపీ' ఎట్టివో ఇదియు నట్టిదే. పాలుగారు పసితనపు పిలుపిది. చుట్టునున్న వారినెల్ల పీడించి ఆనందించు ఎనుబదిరెండేండ్ల వృద్ధురాలి పేరునకు ముందు ఇట్టి పిలుపును చేర్చుటతోనే, 1990లో వెలువడిన 'తాతీ దానియెల్' అను ఫ్రెంచి చలనచిత్రమునందలి హాస్యము మొదలగుచున్నది.

చిత్రమునకు దర్శకుడు ఎతియెన్ శాతిలియే. కథారచనయందు ఆయనకు తోడ్పడినది ఫ్లోరాన్స్ కాంతెన్. వీరిరువురు కలిసి 1988లో తీసిన మొదటి చిత్రము, ఆసుపత్రిలో పుట్టిననాడే తారుమారైన ఇద్దరు బిడ్డల కథ. ఒకరు సంపన్నుల ఇంటను, మరొకరు పేదల ఇంటను పెరుగుదురు. 'జీవితము సుదీర్ఘమైన ప్రశాంతనది' అను అర్థము గల ఆ చిత్రమును ఫ్రాన్సులో 40 లక్షల మందికి పైగా చూచిరి. శాతిలియే అంతకు పూర్వము చాలకాలము వాణిజ్యప్రకటన చిత్రములను తీసినవాడు. ఈ సంగతి ఇచ్చట అప్రస్తుతము కాదు. ఫ్రాన్సులో పెరుగు డబ్బాలమీదను కాఫీ పొట్లాలమీదను చిరునవ్వు చిందించు తెల్లజుట్టు అవ్వ బొమ్మ నిత్యపరిచితము. వార్ధక్యమనిన వాత్సల్యము, వాత్సల్యమనిన వంటిల్లు అను నమ్మకమును ప్రకటనలు ఒక తరమువారి మనస్సులో నాటినవి. ఆ విద్య లోగుట్టు తెలిసినవాడే ఆ బొమ్మను తిరుగవేసి, దాని వెనుక నేమున్నదో చూపబూనెను.

కథ బర్గండీ ప్రాంతమునందలి ఓసేర్ పట్టణమున ఆరంభమగును. సైనికాధికారి వితంతువైన దానియెల్ బియార్ తన పెద్ద ఇంటిలో, ఇంచుమించు తనంత వయస్సు గల ఒదీల్ అను పనిమనిషితో నివసించుచుండును. గతించిన భర్త చిత్తరువుతో ఆమె మాటలాడుచుండును. ఆమె మన్నించు మనిషి అతడొక్కడే కాబోలు. ఒదీల్‌ను ఆమె పెట్టు బాధలకు మేరలేదు. చేసిన పనికి వంక, చేయని పనికి నింద, బయటివారియెదుట తానే బాధితురాలనను నటన. తుదకొకనాడు ఒదీల్ నిచ్చెన యెక్కి వ్రేలాడు దీపగుచ్ఛమును తుడుచుచు క్రిందపడి మరణించును. ఆ పని చేయక తప్పదని పట్టుపట్టినది దానియెలే.

ఒంటరియైన వృద్ధురాలిని పారిస్ నగరమున నున్న జాఁ పియేర్ తన ఇంటికి తీసికొని పోవును. వరుసకు అతడామె సోదరవర్గమునకు మనుమడు, అనగా ఫ్రెంచివారు 'చిన్న మేనల్లు'డనెడి బంధువు. ఇంటిపేరొకటే కావున అతడు ఆమె భర్తవైపు వాడని యూహింపదగును. అట్లైనచో తెలుగు ఇంట నతడు ఆమెను నాయనమ్మ యనియే పిలిచియుండును. ఆ మాటతో అధికారము, బాధ్యత రెండును నిర్ణయమై పోయెడివి. 'తాతీ' యను ముద్దుపిలుపున అవి రెండును లేవు. జాఁ పియేర్, అతని భార్య కాత్రీన్, వారి ఇద్దరు కుమారులు - అందరు మంచివారే. చిక్కంతయు అక్కడనే యున్నది. వారి మంచితనము ముసలియామె చేతికి దొరికిన ఆయుధమగును. వారు ప్రేమతో వడ్డించిన భోజనమును ముట్టదు, చాటున తీపి రొట్టెలను కడుపునిండ తినును. చిన్నపిల్లవానిని ఉద్యానవనమునకు తీసికొనిపోయి అక్కడనే విడిచి వచ్చును. తనకు మూత్రనియంత్రణము తప్పినట్లు నటించును. ఇంటికి వచ్చిన పరాయివారికి, ఈ వృద్ధురాలిని వీరు సరిగా చూచుట లేదు సుమా యని తోచునట్లు ప్రవర్తించును. ప్రతి అపచారమునకును ఆ దంపతులొక సమాధానము వెదకుకొందురు: పాపము పెద్దది, ఊరు విడిచి వచ్చినది, ఒదీల్ పోయిన దుఃఖములో నున్నది. ప్రేక్షకుడు నవ్వునది దానియెల్‌ను చూచి కాదు. ఆమె దుష్టురాలు కావచ్చునను ఒక్క యూహ మాత్రము ఎన్నటికిని తట్టని ఆ సజ్జనులను చూచి.

వారెందుకింత యోర్తురు? ఈ ప్రశ్నకు సమాధానము కొంత ఫ్రెంచి ధర్మశాస్త్రమున నున్నది. 1804 నాటి పౌరస్మృతి 205వ ప్రకరణము ప్రకారము తల్లిదండ్రులు మొదలగు పూర్వులు కష్టదశలో నున్నప్పుడు సంతానము వారిని పోషింపవలెను. ఆస్తిలో నిర్ణీతమైన భాగమును సంతానమునకు దక్కనీయకుండ తల్లిదండ్రులు వీలునామా వ్రాయజాలరు. కాని సోదరసంతతి విషయమున ఈ రెండు కట్టుబాట్లును లేవు. వారిని పోషింపుమని చట్టము నిర్బంధింపదు. వారి ఆస్తి మీకు దక్కునని హామీయు నీయదు. సంతానహీనయైన పినతల్లియో పెదతల్లియో తన సొత్తును ఎవరికైన వ్రాయవచ్చును, గుడికైనను కుక్కకు అన్నము పెట్టువానికైనను. బంధుత్వమంతయు ఇష్టముపై నాధారపడియుండును. ఇష్టమున్నచోట ఆశయు నుండును. ఆశ యున్నచోట హాస్యరచయితకు పని దొరకును.

ఆ పని ఫ్రెంచి నాటకకర్తలకు క్రొత్తది కాదు. 1708లో రెఞార్ రచించిన 'సర్వస్వమునకు వారసుడు' అను ప్రహసనమున మేనల్లుడు ఎరాస్త్, ధనికుడు లోభియునైన ముసలి మేనమామ చావునకై కాచుకొని యుండును. మేనమామ స్పృహ తప్పియుండగా, సేవకుడు క్రిస్పెన్ అతని దుస్తులు ధరించి, మంచమెక్కి, మరణశాసనము చెప్పి వ్రాయించును. తనకు గూడ కొంత వ్రాయించుకొనుట మరువడు. స్పృహ వచ్చిన ముసలివానిని, ఇదంతయు నీవే చేసితివి, జాడ్యమువలన నీకు జ్ఞాపకము లేదని నమ్మింతురు. బాల్జాక్ నవలలలో బంధువుల ఆస్తికై కాచుకొన్నవారు కోకొల్లలు. ఇరువదవ శతాబ్దమున ఈ వస్తువునకు మరియొక రూపము వచ్చినది. 'వియాజే' యను పద్ధతి ననుసరించి వృద్ధుడు తన ఇంటిని అమ్మివేసి, చనిపోవువరకు అందులోనే నివసించుచు, కొన్నవానినుండి నెలనెల భరణము పుచ్చుకొనును. అమ్మినవాడెంత త్వరగా పోయిన కొన్నవానికంత లాభము. 1972లో పియేర్ చెర్నియా దీనిపై నొక హాస్యచిత్రము తీసెను. జీవితము ఆ చిత్రమును మించినది. ఆర్ల్ పట్టణమున జాన్ కల్మాఁ అను స్త్రీ 1965లో, తన తొంబదవయేట, ఈ పద్ధతిపై తన నివాసమును ఒక న్యాయలేఖకునికి విక్రయించెను. నెలకు 2,500 ఫ్రాంకులు చెల్లించుచు ముప్పదియేండ్లు గడిపి, ఆ కొన్నవాడు 1995లో మరణించెను. తరువాత అతని కుటుంబము చెల్లింపవలసి వచ్చెను. కల్మాఁ 1997లో, నూటయిరువదిరెండవ యేట గతించినది.

ఈ పరంపరలో ముసలివాడు సాధారణముగా వలలో చిక్కినవాడు, వలపన్నువారు వారసులు. శాతిలియే ఈ స్థానములను తారుమారు చేసెను. ఇచ్చట వారసులకు పెద్ద దురాశ లేదు, వారికి మోసము రాదు. వలపన్నునది ముసలియామె. ఆస్తియైనను ఆమెకు సాధనమే కాని లక్ష్యము కాదు. ఆమె కోరునది ఇతరుల ఓర్పు తెగు చప్పుడు.

ఇట్టి హాస్యమును ఫ్రెంచివారు 'నల్లని హాస్యము' అందురు. ఈ పేరును ప్రచారములోనికి తెచ్చినది ఆంద్రె బ్రెతోన్ 1940లో కూర్చిన సంకలనము; అందాయన తొలిపీట స్విఫ్టునకు వేసెను. భారతీయాలంకారికులకు ఈ పేరే వింతగా తోచును. భరతుడు రసములకు వర్ణములు చెప్పుచు హాస్యమునకు తెలుపును, భయానకమునకు నలుపును విధించెను. కావున 'నల్లని హాస్యము' అనగా హాస్యమునకు భయానకపు రంగు పూయుటయే. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు భయానకకరుణములను హాస్యమునకు విరోధిరసములుగా పేర్కొనెను. ఒకే చోట, ఒకే ఆలంబనమును పట్టుకొని ఇవి నిలిచినచో ఒకదానినొకటి చంపునని శాస్త్రజ్ఞుల భయము. ఒదీల్ నిచ్చెన మీదినుండి పడు ఘట్టము సరిగా అట్టిదే. అది కరుణమా, హాస్యమా, భయానకమా? మూడును నొక్కసారిగా పైకొనగా ప్రేక్షకుడు మొదట నవ్వి, పిదప తన నవ్వునకు తానే సిగ్గుపడును. శాస్త్రము దోషమన్నదానిని ఈ కళ తన పద్ధతిగా గైకొన్నది. అయినను శాస్త్రము దీని యెదుట మూగవోయినదనరాదు. ధార్ష్ట్యము, లౌల్యము, కుహకము, అసత్ప్రలాపము - హాస్యమునకు భరతుడు చెప్పిన విభావములివి. చాటున రొట్టెలు మెక్కుట లౌల్యము, రోగము నటించుట కుహకము. ఆమెను చూచి వ్రాసిన జాబితా వలె నున్నది. ఆ విభావములను విదూషకునికో విటునికో కాక, గౌరవింపదగిన వయస్సునకు ముడిపెట్టుటయే క్రొత్తదనము.

దానియెల్ పాత్రను ధరించిన త్సిల్లా షెల్టన్ 1919లో జెరూసలేమున జన్మించినది. చిత్రనిర్మాణకాలమునకు ఆమెకు డెబ్బదియేండ్లు. పాత్ర ఆమెకంటె పండ్రెండేండ్లు పెద్దది. అయోనెస్కో 'కుర్చీలు' నాటకము 1952లో తొలిసారి ప్రదర్శితమైనప్పుడు తొంబదినాలుగేండ్ల ముదుసలిగా నటించినది ఈమెయే. అప్పటికామె వయస్సు ముప్పదిమూడు దాటలేదు. లేని అతిథులకు ఖాళీ కుర్చీలు వేయుచు తిరుగు ఆ వృద్ధురాలినుండి, ఉన్న బంధువుల నెల్ల తరుముకొను ఈ వృద్ధురాలివరకు, ఒక నటి జీవితములో వార్ధక్యము వేషముగా మొదలై వయస్సుగా పరిణమించినది. నటనాశిక్షకురాలిగా ఆమెకు గొప్ప పేరు కలదు. 1970 తరువాత ఫ్రెంచి హాస్యచిత్రములను ఏలిన 'స్ప్లాందీద్' బృందమువారిలో పలువురు ఆమె శిష్యులే. తెరపై ఆమె ప్రధానపాత్రధారిణిగా దేశమంతటికి తెలిసినది మాత్రము ఈ చిత్రముతోనే. 2012లో ఆమె మరణించినది. ఆమె చేసిన మేలొకటి తప్పక చెప్పవలెను: ప్రేక్షకుని సానుభూతిని ఆమె ఎన్నడును యాచింపలేదు. చెమ్మగిల్లిన చూపొకటి, వణకిన పెదవి యొకటి చాలును, పాత్ర 'పాపము' అనిపించుకొనును. ఆ సులభమార్గమును ఆమె త్రొక్కలేదు.

చిత్రము మలుపు తిరుగునది ఇంటివారు సెలవులకై గ్రీసు దేశమునకు పోయినప్పుడు. ముసలియామెను కనిపెట్టియుండుటకు సాంద్రీన్ అను యువతిని కుదుర్తురు. ఈ పాత్రను ఇజబెల్ నాంతి ధరించినది. సాంద్రీన్‌కు మంచితనముతో పనిలేదు. ఆమె కూలికి వచ్చినది. ఆ కూలిలో అవమానమును భరించుట చేరలేదు. దానియెల్ తన పాత పన్నాగములు మొదలిడగా సాంద్రీన్ ఆమె చెంప చరచును. అంతటితో ముసలియామెకు మొదటిసారి ఎదుట నొక మనిషి కనబడినది. ఇద్దరి నడుమ ఒక విధమైన స్నేహము పుట్టును.

ఈ చెంపపెట్టును అపార్థము చేసికొనుట సులభము. వృద్ధులను కొట్టి దారికి తేవలెనని చిత్రము చెప్పుచున్నదని ఎవరైన ననుకొన్నచో అది ఘోరమగును. వృద్ధులపై హింస ఫ్రాన్సులోను ఇతరదేశములలోను నాలుగు గోడల మధ్య జరుగు నిజమైన నేరము. దానికి గురియైనవారిలో దానియెళ్లు చాల తక్కువ. ప్రహసనమున దెబ్బకు వేరు భాష యున్నది. మోలియేర్ కాలమునుండి రంగస్థలముపై పడు కర్రదెబ్బ శరీరమునకు తగులదు, సంబంధమునకు తగులును. జాఁ పియేర్ దంపతులు దానియెల్‌ను గౌరవించిరి. కాని ఆ గౌరవములో ఆమె ఒక పసిబిడ్డ, లేదా ఒక పటము. పసిబిడ్డకు తప్పు చేయు శక్తి లేదు. తప్పు చేయుశక్తి లేదని నమ్మిన క్షణముననే ఒక మనిషిని మనుష్యులలెక్కనుండి తీసివేసినట్లగును. సాంద్రీన్ ఆమెకు ఆ శక్తిని తిరిగి ఒప్పుకొన్నది: నీవు చేసినది నీవు తెలిసి చేసినదే, దాని ఫలము నీదే. వృద్ధుల స్వభావవికృతిని మతిభ్రంశమువంటి వ్యాధికి లక్షణముగా చూచుట నేటి వైద్యులకు అలవాటు. చాల సందర్భములలో అది న్యాయమును. దర్శకుడు మాత్రము అట్టి వ్యాధి దేనిని తన పాత్రకంటగట్టక, ఆమె దుష్టత్వమును ఆమెకే విడిచిపెట్టెను.

తెలుగు ప్రేక్షకునికి ఇచ్చట 1962 నాటి 'గుండమ్మ కథ' స్ఫురించిన స్ఫురింపవచ్చును. సూర్యకాంతము నటించిన గయ్యాళి పాత్రలకు ఒక పరిధి కలదు: కథ ముగియులోపల వారికి బుద్ధి వచ్చును, లేదా శాస్తి జరుగును. దానియెల్‌కు ఆ రెండును జరుగవు. సాంద్రీన్ తన ప్రియునితో గడుపుటకు ఒక రాత్రి సెలవడుగగా ముసలియామె ఒప్పుకొనదు. సాంద్రీన్ వెళ్లిపోవును. అంతట దానియెల్ ఇంటిని ధ్వంసము చేసి, కుక్కకు పెట్టు తిండి తిని, తుదకు అగ్నిప్రమాదమునకు కారణమగును. స్నేహమునకు మించి ఆమె నేర్చినదేమియు లేదు. ఆ స్నేహముకూడ ఎడబాటును సహించునది కాదు.

తరువాతి ఘట్టము చిత్రమునందెల్ల పదునైనది. దిక్కులేని వృద్ధురాలిని ఆకలితో మాడ్చి విలాసయాత్రకు పోయిన రాక్షసులని పత్రికలు, దూరదర్శనము ఆ కుటుంబముపై విరుచుకుపడును. దేశమంతయు అవ్వకై కన్నీరు కార్చును. దానియెల్ వృద్ధాశ్రమమునకు చేరును, అచ్చట సుఖింపదు. చివరకు సాంద్రీన్‌తో వెడలిపోయి మంచుకొండలలో తేలును. మంచివారికి అపకీర్తి, చెడ్డదానికి విహారము. గాబ్రియెల్ యారెద్ సంగీతము సమకూర్చిన ఈ చిత్రమును ఫ్రాన్సులో 20 లక్షలకు మించి జనులు చూచిరి. వారిలో ఎందరు తమ ఇంటి తాతీని తలచుకొని నవ్విరో లెక్కకు రాదు. 'ఆమె యొక తాతీ దానియెల్' అనుట నేడు ఫ్రెంచి వాడుకలో చెల్లుచున్నది.

పత్రికల ఘట్టము ప్రహసనముగనే యుండిపోలేదు. 2003 ఆగస్టు మాసమున ఫ్రాన్సును దహించిన వేడిగాలులకు సుమారు 15,000 మంది మరణించిరి. వారిలో అత్యధికులు వృద్ధులు. ఆగస్టు ఆ దేశమున అందరు సెలవులకు పోవు నెల. పిల్లలు సముద్రతీరమున నుండగా ముసలివారు ఇండ్లలో ఒంటరిగా చచ్చిరన్న మాట వెంటనే లేచినది. సెప్టెంబరు 3వ తేదీన పారిస్ సమీపమున తియే శ్మశానవాటికలో, అడుగువారు లేని 57 మృతదేహములను దేశాధ్యక్షుడు షిరాక్ సమక్షమున పూడ్చిరి. ఆ దృశ్యము దేశమును సిగ్గుపరచినది. కాని మృతులలో చాలమంది ఆసుపత్రులలోను వృద్ధాశ్రమములలోను పోయినవారని తరువాత తేలినది. సిబ్బంది కొరత, హెచ్చరికలలో జాప్యము, చల్లని గదులు లేకపోవుట మొదలగు కారణములు బయటపడినవి. కుటుంబములను నిందించుట అన్నిటికంటె సులభమైనందున ముందుగా ఆ నిందయే వచ్చినది. పదమూడేండ్లముందే ఒక హాస్యచిత్రము ఆ తొందరను కనిపెట్టియుండెను. 2004లో ప్రభుత్వము 'సంఘీభావదినము' పేర వేతనము లేని పనిదినమొకటి విధించి, ఆ రాబడిని వృద్ధుల సంరక్షణకు వినియోగింప నిశ్చయించెను.

చిత్రమునందు ఒక లోపము మాత్రము మిగిలియున్నది. కొన్ని దినములు ఒంటరిగా గడపిన సంపన్నవృద్ధురాలికై దేశమంతయు గగ్గోలుపెట్టినది. నిచ్చెన మీదినుండి పడి చచ్చిన పనిమనిషికై ఒక్క పత్రికయు కలము కదల్పలేదు. ఆమెయు వృద్ధురాలే. దర్శకుడు ఈ వ్యత్యాసమును తెలిసియే ఉంచెనా, లేక ఆయనయు ఒదీల్‌ను కథ నడుపుటకు వలసిన మెట్టుగా వాడుకొని మరచెనా యనునది చిత్రమునుబట్టి తేలదు. నేజ్ దోల్‌స్కీ ఆ పాత్రను అతివినయముతో, కొద్ది ఘట్టములలోనే, మరువరానట్లు నటించినది. తరువాత ఆమె పేరెత్తువారు లేరు. దానియెల్ మాత్రము, తనను సరిగా సేవించినవారే లేరని చెప్పుకొనవలసినప్పుడెల్ల, మొదటి ఉదాహరణముగా ఆమెనే చూపదగియున్నది.